ఇటలీ నుంచి రావలసిన స్ప్రింగు

కుట్టుమిషను భాగాలు కిరసనాయిలులో కడిగేటప్పుడు ఆ వాసనకు నా నోరు దానంతటదే మూతపడుతుంది. రాజంపేటలో నా కొట్టుకు వచ్చేవాళ్ళకు ఇది వింత. మామూలుగా నా నోరు మూయించగల మనిషి మా ఊళ్ళో పుట్టలేదు. ఆ మనిషి కోనసీమలో పుట్టి, కువైట్‌లోని అల్ రాయ్ షెడ్లలో వేట తుపాకులు బాగుచేసేవాడు. పేరు భాస్కరం మేస్త్రి.

ఆయన దగ్గర చేరకముందు నేను ఎదుటి షెడ్డులో ఉండేవాణ్ణి. ఏడో తరగతితో బడికి ఖలాస్ చెప్పిన నాకు అక్కడ దొరికిన ఉద్యోగం, వచ్చినవాళ్ళను నవ్వించడం. గ్యారంటీ ఉన్న తుపాకి చెడిపోతే కంపెనీ కొత్త భాగాన్ని ఊరికే పంపేది. మా ఓనరు దాన్ని ఇంకొకరికి అమ్ముకుని, తుపాకి తెచ్చినాయనకు ఇంకా రాలేదని చెప్పించేవాడు. చెప్పే నోరు నాది. సబా అల్ సలేం నుంచి వచ్చే అబూ ఫహద్ అనే ముసలి బడిపంతులు అలా ఐదుసార్లు తిరిగాడు. ఆయన పిట్టల తుపాకికి కావలసిన స్ప్రింగు మొదటి వారంలోనే వచ్చింది, మర్నాడే అమ్ముడుపోయింది. "ఇటలీలో స్ప్రింగులు చేసేవాడికి పెళ్ళి కుదిరింది బాబా, వచ్చేవారం తప్పకుండా!" అన్నాను మొదటిసారి. ఐదోసారికి వాడికి కొడుకును కూడా పుట్టించాను. ఆయన పడీపడీ నవ్వి, ఆరోజే మళ్ళీ వచ్చి "పిల్లాడికి" అంటూ ఖర్జూరాల పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఖర్జూరాలు మేమే తిన్నాం.

తర్వాత ఓనరుతో చెడి బయటికొస్తే మేస్త్రి చేర్చుకున్నాడు. "అక్కడ నువ్వేం చేసేవాడివో తెల్సురా. ఇక్కడ ఆ మాటలు నడవవు."

"మరి ఊరికే కూచోవాల్నా మేస్త్రీ?"

"కడుగు" అని కిరసనాయిలు డబ్బా నా ముందుకు తోశాడు.

ఆయన పద్ధతి ఒక్కటే. చెప్పిన రోజుకు తుపాకి తెచ్చినవాడి చేతికి వెళ్ళిపోవాలి. బాగైతే బాగైనట్టు, కాకపోతే కానట్టు. ఒకాయన చెడామడా తిట్టి వెళ్ళాక నేను ఊరుకోలేక, "చేతకాలేదని చెప్పుకునే కొట్టు కువైట్ మొత్తమ్మీద మనదొక్కటే మేస్త్రీ" అన్నాను. "చేతకాలేదని చెప్పడం కూడా పనేరా. నువ్వింకా నేర్చుకోలేదంతే" అన్నాడు, తలెత్తకుండా.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజే మేస్త్రి మా బిల్లు పుస్తకాలన్నీ స్టవ్వు మీద కాల్చేశాడు. తర్వాత సైనికులు తుపాకుల కోసం అల్ రాయ్ వచ్చారు. మా దగ్గర ఒక్కటీ లేదు. ఎవరెవరికిచ్చావో పేర్లు చెప్పమని మేస్త్రి దవడ మీద తుపాకి మడమతో కొట్టారు. గుర్తులేదన్నాడు. అప్పుడు ఎదుటి షెడ్డు తాళం పగలగొట్టారు. ఓనరు అప్పటికే సరిహద్దు దాటేశాడు. వరసగా నిలబెట్టిన తుపాకులకు ఒక్కోదానికి ఒక్కో చీటీ వేలాడుతోంది: పేరు, బ్లాకు, వీధి, ఇంటి నంబరు. నేను బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలన్నీ నేను రాసిన ఆ చీటీల మీదే ఉన్నాయి.

నాలుగు రోజులకు రొట్టెల క్యూలో, సబా అల్ సలేంలో ఇంటిపని చేసే మా కడప లక్ష్మమ్మ చెప్పింది. ఇంటి యజమానురాళ్ళను అక్కడ మామా అంటారు. "మా మామా పక్కింటాయన లేడూ, అబూ ఫహద్, ఆయన్ను పట్కపోయినారప్పా. తుపాకి యాడుందని అడగను గూడా అడగల్యా. వాళ్ళ చేతిలోనే ఉండాదంట, చీటీతో సహా."

వచ్చి మేస్త్రికి చెప్పాను. "పాపం ఆ సైనికులదే గదా మేస్త్రీ?" అని కూడా అడిగాను.

"పట్టుకెళ్ళింది వాళ్ళే. ఆ తుపాకి ఇన్నాళ్ళూ అక్కడెందుకుందో ఆ పంతులుగారి ఇంటావిడికి తెల్సా?"

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

"పద."

"పోయి ఏం చెప్పాల?"

"జరిగింది చెప్పు. నవ్వించకు."

రెండు చెక్‌పోస్టులు దాటి నడిచాం. వాచిన దవడకు తువ్వాలు కట్టుకుని ఆయన ముందు, నేను వెనక. అబూ ఫహద్ భార్య ఉమ్ ఫహద్ తలుపు తీసి, మేం ఆయన కబురేదో తెచ్చామనుకుని ఒక్కసారిగా వెలిగిన మొహంతో చూసింది. ఆ మొహానికే చెప్పాల్సి వచ్చింది. నాకు వచ్చిన అరకొర అరబ్బీలో మొత్తం చెప్పాను. స్ప్రింగు ఎప్పుడొచ్చిందని అడిగింది.

"మొదటి వారమే, మామా."

"మరి ఆ ఇటలీ పిల్లాడు?" అంది. ఆయన ఆ కథ ఇంట్లో కూడా చెప్పుకుని నవ్వాడన్నమాట.

"లేడు మామా. అంతా నేనే అల్లినా."

ఆమె తిట్టలేదు. మెల్లగా తలుపు వేసుకుంది.

తిరిగి వస్తూ, మేస్త్రి ఏదైనా మంచిమాట అంటాడని ఎదురుచూశాను. చాలా దూరం నడిచాక అన్నాడు: "చెప్పావు. దాంతో బాగైపోయిందనుకోకు."

ఆ పంతులు తిరిగొచ్చాడో లేదో నాకు తెలియదు. మేమిద్దరం బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కణ్ణుంచి ఇళ్ళకు వచ్చేశాం. మేస్త్రి దవడ సరిగా అతుక్కోలేదు. పోయేదాకా ఒకవైపే నమిలేవాడు. నా కొట్టుకొచ్చినవాళ్ళను ఇప్పటికీ నవ్విస్తాను. కాకపోతే, పని కాలేదంటే ముందు ఆ మాట చెప్పి, వాళ్ళు తిట్టడం పూర్తయ్యాక మొదలుపెడతాను. అప్పటికి చాలామంది నవ్వరు.