సరోజమ్మ టీచర్, తాళం పడిన బడి వాకిలి

నిన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. సరోజమ్మ టీచర్ కూతురు.

"అమ్మ పోయిందక్కా" అంది.

గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మొన్న సాయంత్రం కూడా పర్వాలేదన్నారు డాక్టర్లు. పర్వాలేదంటే ఇదేనా అర్థం?

ధర్మవరంలో మా ఈడు వాళ్లకు ఆమె ఎవరో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

అరవైల్లో, నేను నాలుగో క్లాసులో ఉండగా, మా బడికి డ్రిల్ టీచర్‌గా వచ్చారు. సొంతూరు హిందూపురం. డబ్బుల్ని దుడ్లు అంటుంటే మేము వెనక చేరి నవ్వుకునేవాళ్లం. చీర కొంగు బిగించి నడుముకు దోపి, మెడలో విజిల్ వేసుకుని తిరిగేవారు.

మా బడి అంటే నేతగాళ్ల వీధిలో అద్దెకు తీసుకున్న పాత ఇల్లు. వీధి వాకిలి ఒక్కటే. దాని వెనక పొడవాటి చీకటి నడవ, ఆ తర్వాత చిన్న పెరడు, చుట్టూ గదులు. కిటికీలకు ఇనప ఊచలు. పక్కింట్లో పట్టుకు రంగేసే పొయ్యి పొద్దస్తమానం మండేది. దాని వేడికి మా క్లాసు గోడ చెయ్యి పెడితే చురుక్కుమనేది.

ఉన్న ఆ ఒక్క వాకిలికి, ఫస్ట్ బెల్ కాగానే హెడ్మాస్టర్ లోపలి నుంచి తాళం వేసేవారు. తాళంచెవి ఆయన జేబులో.

ఆయన్ని అనడానికీ లేదు. మగ్గం దగ్గర మనిషి తక్కువైతే చాలు, ఎవరో ఒకరు వచ్చి పిల్లల్ని లాక్కుపోయేవాళ్లు. కండెలు చుట్టాలి, పోగులు అతకాలి. మా అమ్మ నన్ను ఎన్నిసార్లు తీసుకుపోయిందో లెక్కలేదు.

కానీ ఆ తాళం పడిన చప్పుడు వింటే నాకు భయమేసేది. ఇంటి బెల్ కొట్టేదాకా సగం ఊపిరితోనే కూర్చునేదాన్ని.

టీచర్‌కూ అంతేనని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు పెనుకొండలో ఉండి చదువుకునేటప్పుడు వాళ్ల క్లాసు, బోద గడ్డి కప్పిన మట్టిగోడల కొట్టంలో నడిచేదట. ఒకరోజు అది అంటుకుంది.

"పొగలో చేతులు సాచి వాకిలి కోసం వెతికితే, యాడ తాకినా గోడే తగిలేది" అని చెప్పేవారు. ఎవరో పైనుంచి బోద పీకి లాగితే బతికారట.

అందుకే ఫైర్ డ్రిల్ పెడదామని హెడ్మాస్టర్ వెంటపడ్డారు. ఆయన విసిగిపోయి, ఒక్కరోజు తాళం తీయడానికి ఒప్పుకున్నారు.

మాకు పెరట్లో ముందే ప్రాక్టీస్ చేయించారు. ఆగకుండా బెల్ మోగితే ముందువాళ్ల భుజం మీద చెయ్యేసి నడవాలి. పరిగెత్తకూడదు, పుస్తకాలు ముట్టుకోకూడదు. అన్నీ ఆలోచించారు గానీ, వీధి సంగతి ఆలోచించలేదు.

నడి పొద్దులో బడి బెల్ ఆగకుండా మోగేసరికి బయట ఎవరో "బడికి నిప్పంటుకునిందంట" అన్నారు. వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. అమ్మలందరూ బడిలోకి పరిగెత్తారు. మేము బయటికి వస్తున్నాం, వాళ్లు లోపలికి వస్తున్నారు.

నడవ మధ్యలో ఇరుక్కుపోయాం.

నా కాళ్లు నేలకు ఆనడం లేదు. ఎవరిదో మోచెయ్యి నా గొంతు మీద ఉంది. చీకట్లో మా అమ్మ "పద్మా, పద్మా" అని పిలుస్తోంది, నాకు నోరు పెగలడం లేదు. నిప్పు లేదు, పొగ లేదు. అయినా ఇక్కడే చచ్చిపోతాననుకున్నాను.

టీచర్ విజిల్ ఊదారు. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? ఇక లాభం లేదని, మా వెనక వరసల వాళ్లను రెక్క పట్టుకుని ఒక్కొక్కరినే పెరట్లోకి లాగేశారు. మేము వెనక్కి జరిగాక అమ్మలందరూ మా వెంటే పెరట్లోకి వచ్చిపడ్డారు. ఒకరిద్దరికి చేతులు బెణికాయి, అంతే.

"చూస్తిరా టీచరమ్మా? తాళం తీస్తే ఇంతే" అన్నారు హెడ్మాస్టర్. మర్నాటి నుంచి మళ్లీ తాళం. డ్రిల్ బంద్.

ఇంకొకరైతే ట్రాన్స్‌ఫర్ పెట్టుకునేవాళ్లు. ఈవిడ సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగారు. మా ఇంటికి వచ్చి మగ్గం గుంత పక్కనే కింద కూర్చున్నారు.

"బెల్లు మోగితే వీధి చివర బాయి కాడ నిలబడక్కా. వాకిలి తట్టు రావద్దు. పిల్లోల్లే మీ తావకి వస్తారు."

అమ్మ నేత ఆపలేదు. "నా బిడ్డ లోపలుంటే ఊరికే ఎట్ల నిలబడేది టీచరమ్మా?"

"నువ్వు వాకిలికి అడ్డం పడితే నీ బిడ్డ యాడనుంచి వచ్చేదక్కా?"

అమ్మ చేతులు ఆగాయి.

"ఇంగొగటి. బడి టైములో బిడ్డను మగ్గానికి పిలవద్దు. అప్పుడు గానీ ఆయప్ప తాళం తీయడు."

ఆ మాట మాత్రం చాలా ఇళ్లలో గొంతు దిగలేదు. కొందరు తిట్టి పంపారు. టీచర్ మళ్లీ వెళ్లారు. పిల్లల్ని పిలవడం ఆగిపోయాక హెడ్మాస్టర్ ఇంకోసారి డ్రిల్‌కు ఒప్పుకుని తాళం తీశారు.

రెండోసారి బెల్ మోగినప్పుడు నడవ ఖాళీగా ఉంది. అవతల వెలుగు కనిపించింది. ముందు పిల్ల భుజం పట్టుకుని నడిచాను.

బావి దగ్గర అమ్మలు ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు. మా అమ్మ కొంగు పళ్ల మధ్య కరిచి పట్టుకుంది. నేను దగ్గరికి రాగానే వీపు మీద ఒక్కటి చరిచి, వాటేసుకుంది.

ఆ తర్వాత ఆ వాకిలికి బడి వేళలో తాళం పడలేదు.

మొన్న పుట్టపర్తి ఆస్పత్రిలో ఐసీయూ బయట నిలబడ్డాం, నేనూ ఇద్దరు క్లాస్‌మేట్లూ. లోపలికి వదల్లేదు. ఆ అద్దం తలుపు తోసుకుని వెళ్లిపోవాలనిపించింది. లోపల వాళ్ల పని వాళ్లు చేయాలి, అడ్డం పడకూడదు. చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆ రోజు మా అమ్మ పడ్డ బాధేమిటో డెబ్బై దగ్గర పడ్డాక నాకు తెలిసింది.

ఎవరమూ కదల్లేదు టీచర్. మీరే బయటికి రాలేదు.

వెళ్లిన చోట మీకు గాలీ వెలుతురూ ధారాళంగా ఉండాలి. నిమ్మళంగా పడుకోండి.