నీలం దర్వాజ ముందు ఆగని బాజా

మానుకోటలో చావు జరిగిన ఇంటి ముందు పెళ్లి బాజా వాయించడం యాకయ్య మాస్టర్ తప్పేనని జనగామ బ్యాండువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తప్పు ఆయనది కాదు, నాది. ముప్పై ఏళ్లుగా ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

మొన్న మాఘంలో మా వీధి నుంచి ఒక పెళ్లి ఊరేగింపు పోతోంది. డ్రమ్ముల చప్పుడుకు కిటికీ రెక్కలు అదురుతున్నాయి. మూలమీది ఇంటి దగ్గరికి రాగానే పాట సగంలో ఆగిపోయింది. ఆ ఇంటి పెద్దాయన పోయి వారమే అయింది. ఆ ఇల్లు దాటేదాకా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. దాటాక పాట మళ్లీ అందుకున్నారు. నేను మాత్రం చల్లారిన చాయ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

యాకయ్య మాస్టర్ జనగామలో బ్యాండు నడిపేవాడు. బక్కపలచని మనిషి. ఎర్ర కోటు భుజాల మీద వేలాడుతున్నట్టు ఉండేది గానీ, క్లారినెట్ నోట పెట్టుకుంటే ఊరేగింపు మొత్తం ఆయన ఊపిరి వెంట నడిచేది. ఎనభయ్యో దశకం మొదట్లో, ఇరవై ఏళ్ల వయసులో, నేను ఆయన దగ్గర సైడు డ్రమ్ము వాయించేవాణ్ణి. పెళ్లిళ్ల కాలం వస్తే ఏడుగురం జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు, మానుకోట మీదుగా భూపాలపల్లి దాకా పోయేవాళ్లం. నిజాం కాలం నాటి ఆ పాత రోడ్డు మీద, ఉర్దూ అంకెలున్న మైలురాళ్లు లెక్కపెట్టుకుంటూ, దొరికితే బస్సు టాపు మీద, దొరక్కపోతే వడ్ల బస్తాల లారీలో. డ్రైవరు సణిగితే మాస్టర్ క్లారినెట్ తీసి, "ఏం పాట కావాలె, అన్నా?" అనేవాడు. అదే మా టికెట్టు.

ఊరేగింపులో ముందు వరుస నాది. దారిలో చావు జరిగిన ఇల్లు వస్తే డ్రమ్ము పుల్లలు రెండూ అడ్డంగా పైకెత్తాలి. అది చూసి అందరూ ఆపాలి. క్లారినెట్ వాయించేటప్పుడు మాస్టర్‌కు కళ్లు మూసుకునే అలవాటు. అందుకే ఆ పని నాకు అప్పగించాడు.

నేను చేరిన రెండో ఏడు తొర్రూరు పెళ్లిలో నేను తాళం తొందర చేశాను. మరునాడు మానుకోట బడి వరండాలో కోట్లు తొడుక్కుంటుంటే మాస్టర్ అందరి ముందూ అడిగాడు. "ఏంరా సోమా, నీ డ్రమ్ముకు బస్సు తప్పిపోతున్నదా? గట్ల ఉరుకుతది?" బూర ఊదే మల్లన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే ఆ వాడకట్టు పెద్దమనిషి ఒకాయన వచ్చి, కోపంతో ఒక్కణ్ణే బయటికి పోయి నిలబడ్డ నాతో చెప్పాడు. "నీలం దర్వాజ ఇంట్ల మనిషి పోయి అయిదు దినాలే అయింది. గాడ బాజా బందు పెట్టున్రి. మీ మాస్టర్‌కు చెప్పు."

చెప్తానన్నాను. చెప్పలేదు. అలిగి ఉన్నాను. ఎట్లాగూ ఆపవలసింది నేనే కదా అనుకున్నాను.

ఊరేగింపు ఆ గల్లీ తిరిగింది. పెళ్లికొడుకు దోస్తులు నా ముందే ఎగురుతున్నారు. నీలం దర్వాజ కనిపించింది. సరిగ్గా అప్పుడే మాస్టర్ కళ్లు తెరిచి నా వైపు చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. రెండేళ్లలో ఆయన నాకు అట్లా తల ఊపడం అదే మొదలు. పుల్లలు ఎత్తలేకపోయాను. ఇంకా గట్టిగా కొట్టాను.

దర్వాజ తెరుచుకుంది. నా కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, బోసి నుదురుతో ఒకామె గడపలో నిలబడింది. "జర ఆగున్రి. మా ఆయన దీపం ముంగట కూసున్నం," అంది. అరవలేదు. పాట దానంతట అదే చచ్చిపోయింది. పొద్దున వచ్చిన పెద్దమనిషి గుంపును తోసుకుని వచ్చి, "మాస్టరూ, మీ మనిషితోని చెప్పి పంపిన గదా," అన్నాడు.

మాస్టర్ నన్ను చూశాడు. ఒక్క చూపే. "చెప్పిండు, పటేలా. నేనే మర్సిన," అన్నాడు. టోపీ తీసి, క్లారినెట్ ఆ గడప మీద పెట్టి, తలవంచుకుని నిలబడ్డాడు.

భూపాలపల్లి పోయే లారీలో ఆయన ఎప్పుడు అడుగుతాడా అని బిగుసుకుని కూర్చున్నాను. ములుగు దాటాక ఒక్క మాటే అన్నాడు. "నీ చేతులు మంచిగున్నయి, సోమా. కండ్లు గూడ లేపు."

మాట మా కంటే ముందే రోడ్డెంట పోయింది. మరుసటి ఏడు మానుకోట వైపు నుంచి పిలుపు రాలేదు. పిలిచిన ఒకరిద్దరూ మాస్టర్ లేకుండా రమ్మన్నారు. ఆయన క్లారినెట్ మల్లన్న తమ్ముడికిచ్చి, ఇంట్లో కూర్చుని ఇతరుల డ్రమ్ములకు తోలు బిగించుకుంటూ బతికాడు. నాకు సర్కారు బడిలో అటెండరు పని దొరికింది. పండుగలకు ఆయన దగ్గరికి పోయేవాణ్ణి. ఎండల గురించి మాట్లాడి లేచి వచ్చేవాణ్ణి.

మొన్న మాఘంలో ఆ ఊరేగింపు చూసిన మరునాడు ఆయన ఇంటికి పోయాను. మాస్టర్ పోయి అప్పటికి మూడేళ్లు. ఆయన భార్య కొమురమ్మ ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను.

"ఆయనకు ఎరుకే బిడ్డా. నువ్వొచ్చినప్పుడల్లా నన్ను చాయ పెట్టుమని లోపలికి పంపెటోడు. నా ముంగట నీకు నోరు రాదని. చాయ అయినంక గూడ జర ఆగి తెమ్మనెటోడు."

ఎన్ని చాయలు తాగి వచ్చానో ఆ ఇంట్లో.

"నన్ను మన్నించు, అక్కా," అన్నాను.

"నాకెందుకు? మానుకోటల చెప్పు. ఆయన తల దించింది గాడ."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఆ దర్వాజకు ఇప్పుడు నీలం రంగు లేదు. గడపలో తల నెరిసిన ఆమె చింతపండు గింజ తీస్తోంది. జనగామ బ్యాండు అనగానే చేయి ఆపింది. "టోపీ తీసి నిలవడ్డాయన," అంది. నేను చెప్పులు విడిచి, ఆయన క్లారినెట్ పెట్టిన చోటికి ఎదురుగా నిలబడి, కళ్లు పైకెత్తి చెప్పాను.

"అక్కా, ఆ దినం ఆయనకు ఎరుక లేదు. కబురు నాకు చెప్పిన్రు, నేను ఆయనకు చెప్పలే. నీ దర్వాజ చూసి గూడ చేతులు ఆపలే. తప్పు నాది. మన్నించు."