లాభం, రెండు, మూడు

మా నాన్న మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. గుంటూరు దగ్గర కళ్ళాల్లో వడ్లు కొలిచిన చెయ్యి ఆయనది. అక్కడ మొదటి కొలతను లాభం అంటారు. అంకెలు రెండు నుంచే మొదలు. మేం తెలుగు యూదులం. ఊళ్ళో కొద్ది కుటుంబాలం, మాకో చిన్న ప్రార్థన గది. కొన్ని ప్రార్థనలకు పదిమంది యూదులు కూడి తీరాలని, ఆ పదిమందినీ అంకెలతో లెక్కించకూడదని ఎవరో పెద్దాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. "మనం ఎటూ ఒకటి అనం గదా" అనుకుని నాన్న ఏళ్ళ తరబడి నిశ్చింతగా లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. అంకెలు అసలే వద్దన్న సంగతి ఆయనకు అమెరికా వచ్చాకే తెలిసింది.

అమ్మ పోయాక నాన్నను అమెరికాలో ట్రాయ్‌కి, నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఇంటికి దగ్గర్లో ఉన్న సినగాగ్‌ను ఆయన సమాజమందిరం అనేవాడు. అక్కడ ఆడా మగా అందరూ లెక్కలోకి వస్తారు. ప్రార్థన నడిపించే రబ్బీ కూడా ఆడమనిషే, నా వయసే ఉంటుంది. పది మాటలున్న ఒక హీబ్రూ వాక్యం చదువుతూ ఒక్కో మాటకు ఒక్కో మనిషిని చూస్తుంది. వాక్యం పూర్తయితే జనం సరిపోయినట్టు. కార్ల కంపెనీలో రిటైరైన ఒక ముసలాయన ఎప్పుడూ నాన్న పక్కనే కూర్చునేవాడు. ఈ పద్ధతిని ఆయన వివరిస్తే నేను నాన్నకు తెలుగులో చెప్పాను.

నాన్న కాసేపు ఆలోచించి, "మొదటిది లాభమైనాక మిగతాయి తప్పెట్టా అవుతయ్యమ్మాయ్?" అన్నాడు.

అది ఇంగ్లిష్‌లో చెప్పేసరికి ముసలాయన పగలబడి నవ్వాడు. లాభం అన్న మాటను నాన్న చేత మళ్ళీ మళ్ళీ అనిపించుకుని నేర్చుకున్నాడు. ఆయనకు వచ్చిన తెలుగు అదొక్కటే.

అంతా బాగానే ఉండేది, వాళ్ళ లెక్కలో నాన్న లేకపోవడం తప్ప. మా తెలుగు యూదుల్ని వాళ్ళు పుట్టుకతో యూదులుగా ఒప్పుకోరు. "మీరు రావడం మాకెంతో సంతోషం. ఒక్క చిన్న కార్యక్రమం చేసుకుంటే మిమ్మల్నీ లెక్కలోకి తీసుకుంటాం" అని రబ్బీ మర్యాదగానే చెప్పింది. కొత్తగా మతంలోకి వచ్చేవాళ్ళు మునిగే స్నానం గురించి ఆవిడ చెప్పేది. "ఉన్న ఇంట్లోకి మళ్ళీ గృహప్రవేశం ఏందమ్మా?" అని నాన్న నవ్వి ఊరుకున్నాడు.

ఒక చలికాలం పొద్దున నాన్నా నేనూ కాక తొమ్మిదిమందే వచ్చారు. రబ్బీ తొమ్మిదో మాట దగ్గర ఆగింది. ఇంకెవరూ రాలేదు. పోయినవాళ్ళ కోసం పిల్లలు చదివే కద్దీష్ చదవకుండానే అందరూ లేచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కార్ డోర్ ధడాలున వేశాను.

"వాళ్ళ లెక్కకి ఒకరు తక్కువొచ్చారు. నా లెక్కకి సరిపోయారు" అన్నాడు నాన్న, సీట్ బెల్ట్ పెట్టుకుంటూ.

ఆయన పోయి ఈ చలికాలానికి ఏడాది అయింది. ఏడాదంతా వీలైనప్పుడల్లా వెళ్ళి, వాళ్ళ పదిమంది చాటున నిలబడి కద్దీష్ చదివి వచ్చాను. సంవత్సరీకం నాడు మాత్రం చాటున నిలబడదలచుకోలేదు. ముందురోజు సాయంత్రం, మర్నాటి దాకా వెలిగే కొవ్వొత్తి వంటింట్లో వెలిగించాను. పొద్దున్నే లీవ్ పెట్టి, మంచులో మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. చదవకుండా ఇంటికి వచ్చేది లేదని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

మంచు వల్ల, నేను కాక తొమ్మిదిమందే వచ్చారు. రబ్బీ తొమ్మిదో మాట దగ్గర ఆగి తలుపు వైపు చూసింది. నేను లేచాను.

"పదో మనిషిని నేను" అన్నాను.

"కొంచెం వెయిట్ చేద్దాం. ఎవరో ఒకరు వస్తారు" అంది రబ్బీ.

"మా నాన్న అలా వెయిట్ చేస్తూనే పోయాడు. ఆయన ఓపిక నాకు రాలేదు. నేను యూదుల ఇంట పుట్టి పెరిగినదాన్ని. కొత్తగా అవ్వాల్సింది ఏమీ లేదు. మా నాన్నకు కద్దీష్ చదివే ఇక్కణ్ణించి కదులుతాను."

రబ్బీ నొచ్చుకున్నట్టు చూసింది. నాకూ ఆవిడను చూస్తే బాధేసింది. అయినా కూర్చోలేదు.

అప్పుడు నాన్న పక్కన కూర్చునే ముసలాయన చేతికర్ర ఊతంతో లేచాడు. అందరికంటే ముందు నా వైపు చెయ్యి చూపించాడు.

"లాభం" అన్నాడు.

ఆ తర్వాత ఏమనాలో ఆయనకు తెలియదు. తన గుండె మీద చెయ్యి వేసుకుని, "టూ" అన్నాడు. పక్కనున్నావిడను చూపించి "త్రీ" అన్నాడు. అంకెలు అనకూడని చోట ఒక్కొక్కరినీ చూపిస్తూ మా నాన్నలాగే అంకెలు చెప్పుకుంటూ పోయాడు. ఎవరూ ఆపలేదు. ఆఖరికి రబ్బీ దగ్గర ఆగి, "టెన్" అన్నాడు.

రబ్బీ పుస్తకం తెరిచి, కద్దీష్ ఏ పేజీలో ఉందో అందరికీ చెప్పింది.

నేను మొదలుపెట్టాను. మొదటి వాక్యం తర్వాత ఆగాలి, విన్నవాళ్ళు ఆమెన్ అనాలి. అనకపోతే ఆ ప్రార్థన లేనట్టే. ఆగాను. తొమ్మిదిమందీ ఆమెన్ అన్నారు. అందులో రబ్బీ గొంతు కూడా ఉంది.

నాన్న లెక్క సరిపోయింది.