దీమపు కోడి సంసోను

తాల్‌బగీచా పేటలో క్రిస్టోఫర్ అంటే రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినవాడని ఎవరికీ గుర్తు రాదు. "ఓ, ఆ వేటగాడా!" అంటారు. మనిషికి అదొక పాడు పిచ్చి. రిటైరై, జుట్టు నెరిసి, చర్చిలో పెద్దరికం వచ్చినా వదల్లేదు. ఫారెస్టువాళ్ళు పట్టుకుంటే జైలేనని తెలుసు. తెలిసే, తండ్రినాటి తుపాకీ గోనెలో చుట్టి, స్నేహితుడు హరిబాబు ఆటోలో వేసుకుని కలైకుండా ఊరి అవతలి సాలచెట్ల అడవులకు పోయేవాడు.

అతను వేటాడేది అడవికోడిని, అందులోనూ పుంజునే. మెడ నిండా నిప్పురంగు ఈకలు, ఎండ పడితే ఆకుపచ్చగా మెరిసే నల్లటి తోక, చెవి దగ్గర తెల్లటి మచ్చ. అంత అందగాడిని చంపడానికి చేతులెలా వస్తాయిరా నాయనా అనిపిస్తుంది. అతనికి వచ్చేవి. దానికో పద్ధతి ఉంది. అడవికోడి గుడ్డు తెచ్చి, ఇంట్లో పెట్ట కింద పొదిగించి, పుట్టిన పుంజును మచ్చిక చేస్తాడు. దాన్నే దీమం అంటారు. తెల్లవారేసరికి దాన్ని అడవిలో మేకుకు కట్టేస్తే అది కూస్తుంది. నా ఇలాకాలో ఎవడురా కూసేదని అడవి పుంజు పోట్లాటకు దిగుతుంది. అప్పుడు కూడా కాల్చడు, గుళ్ళు దీమానికి తగులుతాయని. పొద చాటునుంచి లేచి నిలబడతాడు. మనిషిని చూసి అడవిది ఎగురుతుంది, కట్టేసినది ఎగరలేదు. ఎగిరినదాన్ని గాల్లోనే కొడతాడు. ఏళ్ళ తరబడి అదే అలవాటు. కన్ను సరిగా చూసేలోపే చెయ్యి పని కానిచ్చేసేది.

అలా పెంచిన దీమాల్లో ఆఖరిది సంసోను. ఆ పేరు పెట్టింది భార్య సూసన్న. పిల్లగా ఉన్నప్పుడు అది ఆవిడ చీరకొంగులోనే పెరిగింది. మరుసటేడు ఆవిడకు పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. మాట ముద్దైపోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. చర్చివాళ్ళు వచ్చి ప్రార్థన చేసినా గోడవైపు తిరిగి పడుకునేది. సంసోను మంచం ఎక్కితే మాత్రం కుడిచేత్తో నూకలు తినిపిస్తూ దానితో ఏవో ఊసులు చెప్పుకునేది. సాయంత్రం క్రిస్టోఫర్ గుమ్మంలో నిలబడితే చాలు, సంసోను జామచెట్టు మీంచి ఎగిరొచ్చి అతని భుజం మీద వాలేది. అది చూసి ఆవిడ నవ్వేది. ఆ ఇంట్లో మిగిలిన సంతోషం అంతే.

ఆవిడ మంచాన పడ్డాక అతను వేట మానేశాడు. మానేశాడంటే, చేతుల దురద అణుచుకున్నాడు. జనవరిలో ఓ తెల్లవారుజామున ఇక ఆగలేక సంసోనును బుట్టలో పెట్టాడు.

"ఆడ్ని తీసుకెళ్ళకయ్యా," అంది సూసన్న, మాట కూడదీసుకుని. "నాకు ఆడొక్కడే."

"పొద్దెక్కేసరికి తెచ్చీస్తాను కదేటి. ఊరికే బెంగెట్టుకోకు."

అడవిలో సంసోను కూసిన కాసేపటికే అవతలనుంచి జవాబొచ్చింది. వెనకే పుంజూ వచ్చింది. రెండూ ఎగిరెగిరి తన్నుకున్నాయి. ఆ పెనుగులాటలో తాడు తెగింది. ఎర్రమట్టి దుమ్ములో ఏది తనదో, ఏది అడవిదో తెలియలేదు. అవతలిదాని కాలిముల్లు ఒక్కటి మెడలో దిగితే సంసోను పని అయిపోయినట్టే. సూసన్నకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? వాటిని విడదీయాలన్న కంగారులో ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు.

ఒకటి పొదల్లోకి పరుగెత్తింది. ఇంకొకటి ఎగిరింది. చెయ్యి దానంతటదే ట్రిగ్గర్ నొక్కేసింది.

ఎగిరింది అతని భుజం మీద వాలడానికి. మనిషిని చూసి పారిపోవాలని పాపం దానికెవరు చెప్పారు! కాలికి తెగిన తాడు వేలాడుతూ అతని ముందే పడి, రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. హరిబాబు ఆటో దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చి, "ఏటి సేసినావు గురూ!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఇద్దరూ సాలచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చారు. క్రిస్టోఫర్ చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇంటికొచ్చి మాత్రం నిజం చెప్పలేకపోయాడు.

"తాడు తెంపుకుని అడవిలోకి ఎలిపోనాడు," అన్నాడు, ఖాళీ బుట్ట కింద పెడుతూ. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

సూసన్న కిటికీకేసి చూసి, వంకరపోయిన మూతితోనే నవ్వింది. "మంచి పని సేసినాడు. నీ సేతిలోంచి బతికిపోనాడు."

ఆ రోజునుంచి ఆవిడ మారిపోయింది. గోడవైపు తిరగడం మానేసింది. పాస్టరుగారు వస్తే, "మావోడు అడవిలో సంసారం ఎట్టీసుంటాడండి" అని చెప్పేది. ఇంకో ముద్ద అడిగి మరీ తినేది. ఆ ముద్ద కలిపి పెట్టేది క్రిస్టోఫరే. ఎన్నోసార్లు చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆవిడ మొహం చూసి మూసుకున్నాడు.

ఈస్టరు ముందు ఆవిడ పట్టుపట్టింది, ఒక్కసారి అడవికి తీసుకెళ్ళమని. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. చివరికి అతనూ హరిబాబూ ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. అడవి అంచున ఆటో ఆగిన కాసేపటికి లోపలెక్కడో పుంజు కూసింది.

"అదిగో! మావోడే!" సూసన్నకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "పిలువయ్యా. నీ గొంతు ఆడికి గుర్తే."

క్రిస్టోఫర్ హరిబాబు వైపు చూశాడు. హరిబాబు తల దించుకున్నాడు.

"రారా సంసోనూ," అన్నాడు క్రిస్టోఫర్.

"అలా గొణిగితే ఆడికేటి ఇనబడతాది? గట్టిగా పిలు."

అతను గట్టిగా పిలిచాడు.