ఖాలా కుట్టిన సీటు

"అన్నా, ఖాలా పోయింది. జల్ది ఇంటికి రా" అని మా చెల్లె ఫోన్ చేసినప్పుడు నేను ప్రెస్సులో కరపత్రాల కట్టలు కడుతున్నాను. తెల్లవారి నమాజుకు లేచిందట. వజూకు కాళ్లూ చేతులూ కడుక్కుని చాప మీద కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయిందట. కట్టలు అక్కడే వదిలేసి వచ్చాను.

మొఘల్‌పురాలో మా గల్లీ చివరి ఇల్లు ఆమెది. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. అమ్మ ఆమెను ఆపా అనేది, అంటే అక్క. అందుకని నాకూ చెల్లెకూ ఖాలా, పెద్దమ్మ. పిలిచీ పిలిచీ అదే నిజమైపోయింది.

ఖాలా పని పాత కార్ల సీట్లు బాగుచేయడం. దబీర్‌పురా దిక్కు కబాడీ యార్డులో ముసలి కార్లను విప్పుతారు. ఇంజన్ ఒకరు తీసుకుంటారు, తలుపులు ఒకరు, అద్దాలు ఇంకొకరు. సీట్లు మాత్రం ట్రాలీ ఆటోలో ఊగుతూ వచ్చి ఖాలా వాకిట్లో దిగేవి. ఆమె రెక్సిన్ విప్పి, కుళ్లిన స్పాంజి తీసేసి, ఇంకో సీటులోని మంచి ముక్క చేర్చి, స్ప్రింగులు బిగించి, వంకర సూదితో మళ్లీ కుట్టేది. అవి ఎవరి టాక్సీలోనో మళ్లీ రోడ్డెక్కేవి. ఆ పని మొదట ఆమె భర్తది. ఆయన పోయాక ఆమె సూది పట్టుకుంటే గల్లీలో కొందరు మూతులు తిప్పారట. "మొగోళ్లు కూసునే సీటు ఆడది కుడితే ఏమైతది, కుట్లు సిగ్గుపడి ఊడుతయా?" అని నవ్వేది.

ఏ సీటునైనా విప్పేముందు ఆమె అందులో ఒకసారి కూర్చునేది. సాసర్లో చాయ్ పోసుకుని, వెనక్కి ఆనుకుని, కళ్లు మూసుకునేది. "ఎవరు కూసున్నరో, ఏం బరువు మోసిండ్రో తెల్వకుండ చాకు పెట్టొద్దు బేటా" అనేది. ఆ తర్వాత లోబాన్, అంటే సాంబ్రాణి, పొగ వేసేది. యాక్సిడెంటు బండి సీటైతే ముందు కడిగి, ఎండబెట్టి, రెండోసారి పొగ వేసేది. నాకు ఇవన్నీ మూఢనమ్మకాలు. ఆ మాట ముఖం మీదే అన్నాను. "పొగతోని నీ కరపత్రాలు కాలుతయా? కాలవు గద. మరి ఫికరెందుకు?" అంది.

నాకు చదువంటే కరపత్రాలే. ప్రెస్సులో అచ్చయ్యే ప్రతిదీ చదివేవాణ్ణి. హక్కులు, సమానత్వం, పోరాటం అన్న మాటలు అక్కడే దొరికాయి. చదివిన ప్రతిదాన్నీ ఖాలా వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పేవాణ్ణి. ఆమె నాకు లీడర్ అని పేరు పెట్టింది.

అప్పుడే చెల్లె స్కూలుకు పోయే ఆటో బోల్తా పడింది. వెన్ను దెబ్బతింది. కాళ్లు కదలవు, నడుము నిలవదు. అమ్మ వెనకనుంచి పట్టుకుంటేనే కూర్చోగలిగేది. అమ్మ పొయ్యి దగ్గరికి లేస్తే చెల్లె పడుకోవాల్సిందే. పడుకున్న పిల్లకు బడి లేదు, స్నేహితులు లేరు, ఇంటి కప్పు ఒక్కటే ఉంది. తను ఎవరూ పట్టుకోకుండా కూర్చోవాలి. మా ఇంట్లో ఇంక వేరే కోరిక లేదు.

నడుముకు ఆసరా ఇచ్చే కుర్చీ కోసం సర్కారుకు దరఖాస్తు పెట్టాను. ఆ ఆఫీసు మెట్లు ఎక్కుతూ దిగుతూ నా చెప్పులు అరిగాయి. ఒక సాయంత్రం ఖాలా అడిగింది.

"ఏమైంది లీడర్, కుర్చీ?"

"ఇంకో సంతకం కావాల్నంట."

"సంతకం మీద కూసుంటదా పిల్ల? యార్డుల మస్తు సీట్లున్నయి. నేను చేస్త."

నాకు ఒళ్లు మండింది. "వద్దు ఖాలా. గది మన హక్కు. తుక్కుతోని మనమే చేసుకుంటే వాళ్ల బాధ్యత తప్పిపోతది. ఎప్పటికీ ఇయ్యరు."

ఆమె సూది ఆపలేదు. "నువ్వు కొట్లాడు. నేను వద్దన్ననా? నువ్వు గెలిచేదాంక పిల్ల పండుకోనే ఉండాల్నా, గది చెప్పు."

మర్నాడు నేను ఆఫీసుకు పోయాను, ఆమె యార్డుకు పోయింది.

మొదట ఒక పెద్ద కారు సీటు తెచ్చింది. మెత్తగా, రాజుల సింహాసనంలా ఉంది. యార్డులో వెల్డింగ్ చేసే ఖాలా తమ్ముడు కింద ఇనుప చట్రం, చక్రాలు అతికించాడు. చెల్లెను అందులో కూర్చోబెట్టాం. పిల్ల స్పాంజిలో మునిగి, వెనక్కి వాలిపోయింది.

"ఎట్లుంది బేటీ?"

"మంచిగుంది ఖాలా. ఇన్ని దినాలు కప్పును పండుకోని చూసిన, ఇప్పుడు కూసోని చూస్తున్న."

ఖాలా పాన్ ఉమ్మి వచ్చి మరీ నవ్వింది. ఆ నవ్వులోనే సీటు విప్పడం మొదలుపెట్టింది. "డ్రైవరు దూరం చూస్తడు, వెనక్కి వాలాలె. పిల్ల పుస్తకం ముంగట ఉంటది. ముంగటికి ఉండాలె" అంది. ఈసారి చిన్న కారు సీటు తెచ్చింది. వీపును నిటారుగా నిలిపింది. మలుపుల్లో మనిషి పక్కకు జారకుండా ఆపే బొద్దు అంచులున్న ఇంకో సీటునుంచి ఆ అంచులు కోసి, రెండు పక్కలా కుట్టింది. చెల్లెను గోడకు ఆనించి పట్టుకోమని అమ్మకు చెప్పి, జానతో కొలుచుకుంటూ, కుట్టి, విప్పి, మళ్లీ కుట్టింది. ముందుకు పడకుండా కారు బెల్టే పెట్టింది.

ఒక్కటి మాత్రం పీకెయ్యలేదు. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు, వాటి లివర్. లివరును మాత్రం కిందనుంచి తీసి, చెల్లె చేతికి అందేలా పక్కకు పెట్టించింది.

ఆ రోజు అమ్మ వంటింట్లో ఉంది. టేబుల్ ముందు కూర్చున్న చెల్లె లివర్ ఎత్తి, టేబుల్ అంచు పట్టుకుని లాక్కుంది. టక్కుమంటూ ముందుకు వచ్చింది. మళ్లీ నెట్టుకుంది. టక్కుమంటూ వెనక్కి పోయింది. చప్పుడుకు అమ్మ పిండి చేతులతో ఉరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, పిలిచినవా?"

"పిలువలే అమ్మా. నేనే జరిగిన."

అమ్మ గడపలోనే కూలబడి ఏడ్చింది. ఖాలా మాత్రం దారపు కండె కోసం వెతుకుతున్నట్టు తల వంచుకుంది. "బ్రేకుల్లేవు, జర చూసుకోని నడుపు" అంది.

చెల్లె మళ్లీ చదువుతోంది. నేను మళ్లీ కొట్లాడుతున్నాను. మా కొట్లాటను ఖాలా ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. కుర్చీలు రాని ఇళ్లవాళ్లమంతా ఆ ఆఫీసు ముందు ధర్నా పెట్టినప్పుడు తనూ వస్తానంది. "కింద మాత్రం కూసోను, మోకాళ్లు మాట వినవు" అని ఆటోలో ఒక కారు వెనక సీటు వేసుకుని వచ్చింది! రోడ్డు పక్కన దాన్ని దింపించి, మా బ్యానరు కింద దర్జాగా కూర్చుంది. నేను గొంతు చించుకుని నినాదాలిస్తుంటే, ఆమె పక్కకు జరిగి, పొద్దుటినుంచి ఎండలో నిలబడ్డ పోలీసును పిలిచింది.

"ఆవో బేటా, జరసేపు కూసో. నీయి గూడ కాళ్లే గద."

"ఖాలా! మన ధర్నాల పోలీసోన్ని కూసోబెడుతవా?"

"జాగ ఉన్నది గద రా" అంది.

నేను ఆమెకు వీపు తిప్పి మళ్లీ నినాదాలందుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ పోలీసు సీటు అంచున, లాఠీ ఒళ్లో పెట్టుకుని, భయంభయంగా కూర్చున్న తీరు గుర్తొస్తుంది. సర్కారు కుర్చీ ఇంకా రాలేదు. అది మా హక్కు అని ఇప్పటికీ అంటాను. రేపు మళ్లీ ఆ మెట్లు ఎక్కుతాను. పిల్ల పడుకుని ఎదురుచూడటం లేదు గనుకనే ఇంత నిబ్బరంగా ఎక్కగలుగుతున్నానని కూడా చెప్పాలి.

చెల్లె ఫోన్ విని నేను ఇల్లు చేరేసరికి తను అప్పటికే తయారై ఉంది. "నేను వస్త. నన్ను ఎత్తుకోకుండ్రి, సీటుతోనే తీస్కపోండ్రి" అంది. నేనూ, ఖాలా తమ్ముడూ, ఇంకో ఇద్దరూ కలిసి మురికినీళ్ల మోరీ మీదుగా సీటును ఎత్తి దాటించాం. ఖాలా ఇంటి దాకా మిగతా దారి చక్రాల మీద వచ్చింది.

జనం వస్తూనే ఉన్నారు. టెంటుహౌసు కుర్చీలు రాలేదు. ఖాలా తమ్ముడు కాసేపు చూసి, వాకిట్లోని సీట్లన్నీ గల్లీలోకి మోయించాడు. ముందు సీట్లు, వెనక సీట్లు, కుట్టినవి, సగం విప్పినవి. గోడ వెంబడి వరుసగా వేశాడు. గల్లీ ముసలమ్మలు, యార్డు పనివాళ్లు, టాక్సీ డ్రైవర్లు, మా అమ్మ, అందరూ వాటి మీదే కూర్చున్నారు. నడుమ ఖాళీ వదిలితే చెల్లె తన సీటును అందులోకి నెట్టుకుంది.

ఖాలాను మోసే జనాజా లేచినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. చెల్లె ఒక్కతే కూర్చుని ఉంది. సీటు అంచులు గట్టిగా పట్టుకుని, మనుషుల నడుముల సందుల్లోంచి చూడటానికి మెడ చాచింది. అప్పుడు పక్కనున్న ముసలమ్మ చెల్లె భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చుంది. ఆమెను చూసి ఇంకొకామె, ఆ తర్వాత అమ్మ. ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు.

మేం జనాజా మోసుకుంటూ గల్లీ మలుపు తిరిగాం. వెనక్కి తిరిగి చూశాను. అన్ని తలలూ చెల్లె తలంత ఎత్తులోనే ఉన్నాయి. నల్లటి బురఖాల మీద, అమ్మ చీర మీద, పసుపుపచ్చటి స్పాంజి పొడి అంటుకుని ఉంది. ఎవరూ దులుపుకోవడం లేదు.