నదికంటే ముందు నడిచిన బడి

1997లో నేను బహ్రెయిన్‌లో అటెండెంట్‌గా పనిచేస్తున్నాను. అటెండెంట్ అంటే నర్సు కాదు. మంచం పట్టినవాళ్ల ఒళ్లు తుడవడం, తినిపించడం, పక్క మార్చడం మా పని. మనామాలోని ఒక క్లినిక్ నన్ను ఇళ్లకు పంపేది. ఆ ఏడాది అద్లియాలో ఒక హోటలు పైనున్న చిన్న ఫ్లాటులో డ్యూటీ పడింది. పేషెంటు బంగ్లాదేశ్‌కు చెందిన ముసలాయన, వాళ్ల ఊరి బడిలో మాస్టారు. అవాలిలో స్టోర్‌కీపరుగా పనిచేసే కొడుకు సలీంను చూడటానికి వచ్చి, అక్కడే పక్షవాతంతో పడిపోయారు. లేచి కూర్చోగలిగితే విమానం ఎక్కించవచ్చని డాక్టరు చెప్పారు. కూర్చోవాలి, ఊరెళ్లాలి, తన బడి చూసుకోవాలి. ఆయనకున్న ఆశ అదొక్కటే.

మంచంలో ఒకే వైపు పడుకుంటే చర్మం చితికి పుండ్లు పడతాయి. వాటిని బెడ్‌సోర్ అంటారు. అవి రాకుండా రెండు గంటలకోసారి మనిషిని ఇంకో పక్కకు తిప్పాలి. దాన్ని పొజిషన్ మార్చడం అంటాం. మొదటిరోజు నేను తిప్పుతుంటే ఆయన ముద్దమాటలతోనే నవ్వారు.

"మా బడిని మార్చినట్టు మారుస్తున్నావు, మా."

ఆడవాళ్లను 'మా' అని పిలవడం వాళ్ల మర్యాద. నేను ఆయన్ని మాస్టారూ అనేదాన్ని. ఇద్దరిదీ వచ్చీరాని హిందీయే.

"బడిని మార్చడమేంటండి మాస్టారూ, అదేమైనా కోడిపెట్టా, గంప కింద మార్చడానికి?" అన్నాను.

"కోడిపెట్టకంటే తేలిక. మా పిల్లలు నెత్తిన మోసేవాళ్లు."

ఆ బడి కథ ఆయన రోజుకు కొంత చెప్పేవారు. అది మగపిల్లల బెంగాలీ బడి. ఆయన పుట్టకముందు ఒక జనపనార గోదాములో మొదలైందట. ఊరు పెద్ద నది ఒడ్డున ఉంది. నది ఏటేటా ఒడ్డు కోసుకుంటూ వచ్చేది. అందుకని బడిని రేకులతో, వెదురు తడకలతో కట్టారు. మేకులు కొట్టకుండా తాళ్లతో, బోల్టులతో బిగించారు. పొద్దున్నే పెద్ద తరగతి కుర్రాడొకడు ఒడ్డుదాకా వెళ్లి చూసి, నది ఎక్కడిదాకా వచ్చిందో హెడ్‌మాస్టరుకు చెప్పాలి. 'మసీదు మెట్ల దగ్గర ఉంది సార్', 'నేరేడు చెట్టు దగ్గర ఉంది సార్', ఇలా ఏదో ఒక గుర్తు పెట్టి చెప్పాలి. ఆ తర్వాతే గంట కొట్టేవారు. ఎక్కాలు, పద్యాలు, మధ్యాహ్నం మరమరాలూ బెల్లమూ, మళ్లీ ఎక్కాలు. నేరేడు చెట్టు దాటిందని కుర్రాడు చెప్పిన రోజు మాత్రం పాఠాలు ఉండవు. రేకులు విప్పుతారు, బెంచీలు ఎత్తుతారు. వెనక్కి, గట్టి నేల మీదికి నడుస్తారు. గంటను చివర్లో దించుతారు. కొత్తచోట పైకప్పు ఎక్కకముందే దాన్ని మోగిస్తారు. ఆ బడి అలా ఎన్నోసార్లు నడిచింది.

నేను బడి మొహం చూడలేదని ఒకరోజు ఆయనకు తెలిసింది. నాకు అక్షరాలు వచ్చింది ఇంటికి తిరిగొచ్చాక, మనవరాలి పక్కన కూర్చుని. అప్పట్లో మందు సీసాలను మూత రంగుని బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని.

"మాది మగపిల్లల బడే. అయినా బడి మోసే రోజు అక్కలూ అమ్మలూ అందరూ వచ్చేవాళ్లు. నువ్వుంటే బెంచీకి ఒక కొస పట్టించేవాణ్ణి" అన్నారు.

"రెండు కొసలూ పట్టేదాన్నండి. మాది గోదావరి లంక. ఒడ్డు విరిగే చప్పుడు నాకూ తెలుసు" అన్నాను. మా కొబ్బరితోట కూడా ఏట్లోనే కలిసిపోయింది.

అంతకు కొన్నేళ్ల ముందు సలీం, బహ్రెయిన్ లేబర్ క్యాంపుల్లో ఉన్న వాళ్ల ఊరివాళ్లు కలిసి ఓవర్‌టైం డబ్బులతో ఆ బడికి ఇటుక గోడలు కట్టించారు. మాస్టారు మొదట వద్దన్నారు. ఎండల్లో వాళ్లు పడ్డ కష్టాన్ని కాదనలేక తర్వాత ఒప్పుకున్నారు.

వాళ్ల ఊళ్లో వానాకాలం వచ్చింది. శుక్రవారం శుక్రవారం సలీం ఊరికి ఫోను చేసి వచ్చేవాడు. చెప్పులు విడవకముందే మాస్టారు అడిగేవారు: "నది ఎక్కడుంది?"

"మసీదు మెట్ల దగ్గర, అబ్బా." నాన్నను వాళ్లు అలా పిలుస్తారు.

తర్వాతి వారం నేరేడు చెట్టు అన్నాడు. ఆ పై శుక్రవారం నేను చెత్త పారేయడానికి కిందికి దిగితే అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఖలాస్, దీదీ. బడి పోయింది."

"బెంచీలు?" అన్నాను. వినీ వినీ నాకూ ముందు ఆ మాటే వచ్చింది.

"తెచ్చారు. గంట రాలేదు. దొంగలు ఎత్తుకుపోకుండా కాంక్రీటు దూలానికి బిగించమని మేమే చెప్పాం. విప్పేలోపే ఒడ్డు కూలింది." మొహం తుడుచుకున్నాడు. "అబ్బాకు చెప్పకు. ఆ ఇటుకలు పెట్టించింది నేను."

పైకి వెళ్లాం. మాస్టారు ఎప్పటిలాగే అడిగారు.

"చాలా దూరంగా ఉంది, అబ్బా" అన్నాడు సలీం.

మాస్టారు కొడుకు వైపు కాసేపు చూశారు. "మంచిది. ముందు వెళ్లి అన్నం తిను. మొహం పీక్కుపోయింది" అన్నారు.

సలీం వంటగదిలోకి వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"వాడు ఆ బడిలో చదివినవాడు, మా. మా పిల్లలెవరూ 'దూరం' అని చెప్పరు. చెట్టు పేరో, మెట్టు పేరో చెబుతారు. చెప్పడానికి ఇక గుర్తేమీ మిగల్లేదన్నమాట."

నేను దుప్పటి సర్దుతూ నిలబడ్డాను.

"నాకు తెలిసిందని వాడితో అనకు. ఆ గోడలంటే వాడికి ప్రాణం."

ఆ సాయంత్రం కూర్చోబెట్టే ఎక్సర్‌సైజుకు ఆయన్ని లేపబోయాను. "ఎక్కడికి వెళ్లడానికి, మా?" అన్నారు. కిటికీ వైపు తిప్పబోతే గోడ వైపు ఉంచమన్నారు. మళ్లీ టైముకు వెళ్లి భుజం కింద చెయ్యి పెడితే, "ఇక మార్చకు. ఈ చోటే ఉండనీ" అన్నారు. పుండ్లు పడతాయని బతిమాలి తిప్పేదాన్ని. ఆయన ఎదురు చెప్పలేదు. నవ్వనూ లేదు.

చలికాలం మొదలవుతుండగా పోయారు. ఊళ్లో వాళ్ల శ్మశానం కూడా నదిలో కలిసిందని, సలీం ఆయన్ని బహ్రెయిన్‌లోనే ఖననం చేశాడు. నా సామాను తీసుకోవడానికి వెళ్లినప్పుడు అన్నాడు: "బడి సంగతి తెలియకుండానే పోయారు, దీదీ. అదొక్కటే నాకు ఊరట."

"అవును, సలీం భాయ్" అన్నాను.

ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో పనిచేశాను. ఇంటివాళ్లు గుమ్మం దగ్గరే ఆపి, "ఆయనకు ఏమీ తెలియదు, చెప్పకు" అంటారు. సరేనంటాను. లోపలికి వెళ్లి ముందు మంచం పక్కన కూర్చుంటాను. ఏ వైపు తిప్పమంటారని అడిగాకే భుజం కింద చెయ్యి పెడతాను.