టీచరుగారి నల్ల కొప్పు

ఇందాక నీ తల దువ్వుతుంటే దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు వేలికి తగిలాయి చిన్నీ. మెత్తగా, చల్లగా, కాస్త నూనె జిడ్డుతో. నువ్వేమో "పారెయ్ అమ్మమ్మా" అంటున్నావు. నా వేలు మాత్రం తనంతట తానే వాటిని చుట్ట చుట్టేసింది. ఆ అలవాటు నాకు ప్రేమలత టీచరుగారి వల్ల వచ్చింది. ఆవిణ్ని నువ్వు చూడలేదు, మీ అమ్మకీ తెలియదు. చెబుతాను, రాసుకో. తొందరపెట్టకు.

అప్పట్లో మేం బోయిగూడలో యాదమ్మగారింట్లో అద్దెకుండేవాళ్ళం. ఒక వాటాలో నేనూ మీ తాతగారూ, పక్క వాటాలో టీచరుగారు. ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం ఇస్త్రీ చీర కట్టుకుని, మెడ మీద ఇంత నల్లటి కొప్పుతో చర్చికి బయల్దేరితే వీధంతా తలతిప్పి చూసేది. అలాగని సోకులకి ఖర్చు పెట్టేదా అంటే, లేదు. ముఖానికి పెసరపిండి. అరిగిపోయిన సబ్బుముక్కని తడిపి కొత్త సబ్బు వీపుకి అతికించేది. పౌడరు డబ్బా కొనగానే మూత మీది కన్నాలు సగం కొవ్వొత్తి మైనంతో మూసేసేది. "కంపెనీవాడు అన్ని కన్నాలు పెట్టింది మన ముఖం కోసం కాదమ్మా, డబ్బా తొందరగా ఖాళీ అవడం కోసం" అనేది.

ఆ ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడిపోయింది. అదే సమయంలో మీ తాతగారి కంపెనీ మూతపడింది. టీచరుగారు వాళ్ళ బడిలో పెద్దమ్మగారితో, అంటే హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడి, తెలుగు చెప్పే పని నాకు ఇప్పించే ఏర్పాటు చేసింది. సోమవారం వెళ్ళి పిల్లల ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. ఇల్లు గడవడానికి మాకు మరో దారి లేదు. నేను మాత్రం ఆ తలతో గడప దాటనని కూర్చున్నాను. ఉన్న కాస్త డబ్బూ జుట్టు మొలిపించే నూనెలకి తగలేస్తున్నాను.

ఒకరోజు కిటికీలో సీసాలు చూసి టీచరుగారు ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్ ఇవన్నీ?"

"జుట్టు మొలుస్తుందటండీ."

"మొలుస్తుంది, ఆ కొట్టాయన ఇంటిమీద ఇంకో అంతస్తు" అంది.

సాయంత్రం ఒక పాత దిండు గలీబు పట్టుకొచ్చింది. దాని నిండా జుట్టు! ఏళ్ళ తరబడి తల దువ్వుకున్నప్పుడల్లా రాలినవి చుట్టలు చుట్టి దాచిందట. వాటితో సవరం కట్టుకుందాం, జడలో కలిపి అల్లేస్తే ఎవరికీ తెలియదంది. కుంకుడురసంలో నానబెట్టి, రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని ఆ తడి జుట్టు చిక్కు తీశాం. వెంట్రుకని వేళ్ళ మధ్య నలిపితే కుదురు వైపుకే జరుగుతుంది చిన్నీ, ఎప్పుడైనా చూడు. అలా కుదుళ్ళన్నీ ఒకవైపుకి చేర్చాలి. నా చేతులు ఆ పనిలో ఉండగానే పాఠం అప్పజెప్పించుకునేది. "గొంతు పెంచు. వెనకబెంచీ వాడు నిద్రపోతున్నాడు" అనేది. వరండాలో వెనకబెంచీ ఎక్కడిది? యాదమ్మగారి మేక ఉండేది.

ఆదివారం మధ్యాహ్నానికి సవరం తయారైంది. ఆరబెట్టి, నా పిలకకి ముడివేసి జడ అల్లింది. అంతలో యాదమ్మగారు వచ్చింది.

"అయ్యో, ఏందిది బిడ్డా! ముందుకెల్లి సూస్తే పడుచుపోరి, ఎనకకెల్లి సూస్తే మా అత్త!"

చూసుకుంటే నిజమే. మసక వెలుతురులో, తడిమీద మాకు తెలియలేదు. టీచరుగారి పడుచువయసు నల్లవెంట్రుకలూ ఈమధ్య రాలిన తెల్లవీ ఒకే గలీబులో కలిసిపోయి, జడంతా చారలు. మళ్ళీ విప్పి ఏరడానికి వ్యవధి లేదు. నేను ఏడుపు మొదలెట్టాను. "నేను రానండీ. పిల్లలు నవ్వుతారు."

టీచరుగారు లేచి కిటికీ మూసింది. తర్వాత "యాదమ్మా, ఆ తలుపు దగ్గరికెయ్యి" అంది.

"నేను పోవాల్నా, ఉండాల్నా?"

"ఉండు. దాచడానికి ఇంకేముంది?"

తలలోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసింది. కొప్పుకి కొప్పే ఊడి చేతిలోకొచ్చింది! వెనక మిగిలింది చిటికెనవేలంత పిలక. యాదమ్మగారు బుగ్గలు నొక్కుకుంది.

"అమ్మో టీచరమ్మా! ఇన్నేండ్ల సంది మా గల్లీ గల్లీ గా కొప్పును జూసే కుళ్ళుకుంటున్నది గదా!"

"నేనూ అందుకే మురిసిపోయాను. చాల్లే ఇంక" అని నావైపు తిరిగింది. "ట్రైనింగ్ రోజుల్లో రాలిన నా జుట్టుతో కట్టించుకున్న సవరం ఇది. ఒక్క తెల్లది లేదు. తల వంచు."

"మరి మీరో?"

"ఆ చారలది నాకిచ్చెయ్యి. నా వయసుకి అదే సరి."

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. గేటు దగ్గరే ఒక పిల్ల అడిగేసింది. "టీచర్, మీ కొప్పు తెల్లగయింది, ఎట్లయింది?"

"నిన్న నీ లెక్కలు దిద్దాను కదే!"

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో నన్నెవరూ పట్టించుకోలేదు. తరగతిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, వెనకబెంచీ దాకా. పెద్దమ్మగారు రేపట్నించి రమ్మంది. ఆ జీతంతోనే మేం నిలబడ్డాం.

జుట్టు పెరిగాక ఆ నల్లసవరం శుభ్రంగా కడిగి తిరిగిచ్చాను. ఆవిడ పెట్టెలో పెట్టేసింది, మళ్ళీ వాడలేదు. చారల సవరం కూడా మానేసి పిలకతోనే చర్చికి వెళ్ళేది. "పిన్నుల ఖర్చు మిగిలింది" అని నవ్వేది. అంత ముచ్చటపడి దాచుకున్నది నాకోసం విప్పేసిందన్న మాట మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు.

మొన్న మన పక్కింటి రాజ్యలక్ష్మిగారు పళ్ళు పీకించుకుని, మనవరాలి నిశ్చితార్థానికి రానని తలుపేసుకుంది చూడు. అందరూ బతిమాలి ఓడిపోయారు. నేను తలుపు తీయించుకుని లోపలికెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చుని, నా పళ్ళసెట్టు తీసి అరచేతిలో పెట్టాను. ఆవిడ నా బోసినోటి వైపు చూసింది, చేతివైపు చూసింది.

"మీవి పెట్టుడువేనా!"

ఔనందామని నోరు తెరిస్తే మాట రాలేదు, ఉత్త గాలి వచ్చింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వి నవ్వి, నోటికడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి, ఆవిడ నిశ్చితార్థానికి కట్టుకునే చీర తీయడానికి బీరువా తాళాల కోసం వెతుక్కుంది.